చెరువుకట్ట మీద డేరా

క్యాంపు అన్న మాట మన ఇళ్ళల్లోకి ఎప్పుడొచ్చిందో గాని, వచ్చినప్పట్నుంచీ అది మగవాళ్ళ మాటే. "మావారు క్యాంపుకెళ్ళారండీ" అని ఏ ఇల్లాలైనా అందంటే, ఆ వారమంతా ఆ ఇంట్లో కూర ఒకటే, చారు నిన్నటిది అని అర్థం. తాసీల్దారుగారికి క్యాంపు, ఇంజనీరుగారికి క్యాంపు, మందుల కంపెనీ రిప్రజెంటేటివుకీ క్యాంపే. హోల్డాలూ, మరచెంబూ, ఫ్లాస్కూ ఆయన వెంట వెళ్ళేవి. ఇల్లాలు మాత్రం గుమ్మం దాకా.

ఆ మాటకి ముందు మన దగ్గర ఉన్నది డేరా. నైజాం రాజ్యంలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ షికారుకి బయల్దేరితే అడవిలో డేరాల ఊరే లేచేది. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలున్నాయి, ఎక్కడైనా దొరికితే చూడండి. వరసగా తెల్లటి గుడారాలు, తివాచీలు, కుర్చీలు, ముందు నేలమీద చచ్చిన పులి. నవాబులుంటారు, దొరలుంటారు, అక్కడక్కడ టోపీ పెట్టుకున్న దొరసాని కూడా ఉంటుంది. నేను చూసినవాటిల్లో మన ఆడవాళ్ళు మాత్రం కనిపించలేదు.

అందుకే మావారు రిటైరయ్యాక, "ఇన్నేళ్ళూ మీ క్యాంపులయ్యాయి, ఈ వేసవిలో నా క్యాంపు" అన్నాను. ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు పనిచేశారు. ఊటీయో కొడైకెనాలో అంటాననుకున్నారు పాపం. "మన జిల్లా చెరువులన్నీ చూద్దాం. పాత కారుంది, అబ్బాయి వదిలేసి వెళ్ళిన టెంటుంది, కిరసనాయిలు స్టవ్ అటక మీదుంది" అన్నాను.

"మే నెల్లో చెరువులేమిటోయ్! నీళ్ళుంటాయా అసలు?" అని నవ్వారు.

ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్టని ఒక సీమ ఉంది. వర్డ్స్‌వర్త్ మహాకవి పుట్టి పెరిగిందక్కడే. వేసవి వస్తే ఆ దేశపు దంపతులు కార్లలో గుడారాలు వేసుకుని ఆ సరస్సుల చుట్టూ తిరుగుతారు. ఆ సరస్సులు వేల ఏళ్ళనాడు మంచుగడ్డల నదులు కొండల్ని దొలిస్తే ఏర్పడినవి. మనిషి చెయ్యి పడకపోయినా అవి ఉండేవే. మన తెలంగాణ చెరువు అలాంటిది కాదు. ఎవరో ఒక వాలు చూసి, తట్టలతో మట్టి మోసి, కట్ట పోసి, తూము పెట్టి, మత్తడి కట్టి, ఆపిన నీళ్ళవి. ప్రభుత్వం లెక్క ప్రకారం రాష్ట్రంలో ఇలాంటివి చిన్నా పెద్దా కలిపి 46 వేలకు పైనే ఉన్నాయి. చేత్తో చేసిన సరస్సుల దేశం అన్నమాట మనది.

చేత్తో చేసిందాన్ని చేత్తోనే కాపాడుకోవాలి. ఆ కాపాడుకునే పని వేసవిలోనే. నీళ్ళు తగ్గితేనే కట్ట లోపలి రాతి పరుపు కనిపిస్తుంది, తూముకి ఎక్కడ గండి పడిందో తెలుస్తుంది. అడుగున పేరుకున్న ఒండ్రు ఎండితేనే బండ్ల మీద పొలాలకి తోలుకోవచ్చు. పూడిక తీసినట్టూ అవుతుంది, పొలానికి ఎరువూ అవుతుంది. వానాకాలంలో చెరువు అందం చూపిస్తుంది గాని, ఒళ్ళు చూపించదు సుమండీ! "అందుకే మే నెల" అన్నాను. మావారు ఇంకేం మాట్లాడలేదు, కారు టైర్లలో గాలి కొట్టించుకొచ్చారు.

మొదటి మజిలీకి కారు తియ్యక్కర్లేకపోయింది, పటాన్‌చెరే. ఇన్నేళ్ళూ ఈ పేరు బస్సు బోర్డు మీద చదివానే గాని, అందులో ఏముందో ఆలోచించలేదు. పదకొండో శతాబ్దపు శాసనాల్లో ఈ ఊరి పేరు పొట్టలకెరె. కెరె అంటే కన్నడంలో చెరువు. కళ్యాణి చాళుక్యుల్లో రెండో జయసింహుడు, 1015 నుంచి ఓ పాతికేళ్ళకు పైగా ఏలినవాడు, ఇక్కడ రాజధాని పెట్టుకుని ఉన్నాడు. కన్నడ కెరె తెలుగు చెరువై, పొట్టల పటానై, వెయ్యేళ్ళు దాటాక మన బస్సు బోర్డెక్కింది. రాజుగారి కోట పోయింది, బసదులు పోయాయి, చెరువు మాత్రం ఊరి పేరులో నిలిచింది.

ఆ జయసింహుడి రాణి సుగ్గలదేవి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన కథ ప్రకారం రాజు జైనుడు, రాణి శివభక్తురాలు. రాణిగారి గురువు దేవరదాసయ్య ఈ పొట్టలకెరెకే వచ్చి జైనులతో వాదించి గెలిచాడనీ, రాజు కూడా శైవుడయ్యాడనీ కథ. కథలో గెలిచినవాళ్ళ గొప్పలు ఎక్కువే ఉంటాయనుకోండి, ఓడినవాళ్ళు పురాణం రాసుకోలేదు కదా. పటాన్‌చెరు మట్టిలో బయటపడిన జైన విగ్రహాలు మ్యూజియంలో ఉన్నాయి, వాటిని చూస్తే నాకు ఎవరి పక్షమూ పట్టాలనిపించదు. ఒకే ఇంట్లో రెండు దేవుళ్ళు పెట్టుకుని మొగుడూ పెళ్ళాం కాపురం చేసిన ఊరిది అన్న సంగతే నాకు నచ్చింది.

పదిహేడో శతాబ్దం మధ్యలో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చి తను చూసినవన్నీ రాసి పెట్టాడు. వజ్రాల సంగతి సరే, చెరువుల్ని చూసి ఆశ్చర్యపోయాడాయన. కాస్త మెరకగా ఉన్న చోటు చూసుకుని మైదానం వైపు మాత్రం కట్ట పోస్తారనీ, కొన్ని కట్టలు మైలు పొడవుకి పైగా ఉంటాయనీ, వానలు వెనకబట్టాక తూములెత్తి కాలవల్లోకి నీళ్ళు వదులుకుంటారనీ వివరంగా చెప్పాడు. వజ్రాలు కొనడానికొచ్చినవాడి కళ్ళకి కూడా ఆనిన వ్యవహారం అది.

ఇంత పనికీ జీతాలెవరిచ్చేవారు? మన శాసనాల్లో దశబంధం అనే మాట వస్తుంది. చెరువు తవ్వించినవాడికో, మరమ్మతులు చూసేవాడికో దాని కింది పంటలోనో భూమిలోనో కొంత వాటా రాసిచ్చే ఏర్పాటు. ఊళ్ళో నీరటి ఉండేవాడు. తూము తాళం వాడిదే, ఏ మడికి ఎంతసేపు నీళ్ళో వాడి నోటిమాటే చట్టం. కట్ట మీద మైసమ్మ. కట్ట మైసమ్మ లేని చెరువు ఈ ప్రాంతంలో మాకు కనపడలేదు. చెరువు తెగకుండా ఒక ఆడకూతురు ప్రాణమిచ్చిందన్న కథలు మన దేశమంతటా ఉన్నాయి. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో ముసలమ్మ మరణమనే కావ్యం చేశారు. తట్టలు మోసిందీ ఆడవాళ్ళే, బలి అయిందీ ఆడవాళ్ళే, బొట్టు పెట్టి మొక్కేదీ ఆడవాళ్ళకే!

సంగారెడ్డి దారిలో కొండాపురం ముచ్చట త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఎండ మండిపోయి మేం త్వరగానే బయటపడ్డాం. అక్కడి పాటిగడ్డని 1940ల మొదట్లో యజ్దానీగారి ఆధ్వర్యంలో తవ్వితే శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. మ్యూజియంలో పూసలున్నాయి, మట్టివీ శంఖానివీ రాళ్ళవీ. రెండువేల ఏళ్ళ కిందటి అమ్మాయి మెడలోవి. మావారు నాణేల దగ్గర నిలబడ్డారు, నేను పూసల దగ్గర. అరగంటలో ముగిసింది.

సంగారెడ్డి పేరు వెనక కూడా ఒక తల్లి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అందోలు, పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణీ శంకరమ్మ. గుర్రమెక్కి యుద్ధం చేసిన మనిషి. నిజాం ఆమెకి రాయబాగన్, అంటే రాజసివంగి, అని బిరుదిచ్చాడు. ఆవిడ కొడుకు పేరే ఈ ఊరికి పెట్టారంటారు, ఆవిడ పేరు మీద శంకరంపేట ఉండనే ఉంది. అక్కడి కాలేజీ పిల్లని అడిగితే శంకరమ్మ తెలీదంది. తల్లులకి ఇలాగే అవుతుంటుంది.

ఇక మంజీర. మహారాష్ట్రలో బీడు దగ్గర బాలాఘాటు కొండల్లో పుట్టి, బీదరు మీదుగా వచ్చి, సంగారెడ్డి దగ్గరికి రాగానే ఏదో మరిచిపోయినట్టు గిరుక్కున ఉత్తరానికి తిరుగుతుంది. మెదకు మీదుగా నిజాంసాగరానికి పోయి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ మలుపు దగ్గరే కలబ్‌గూరు బరాజు కట్టి 1965 నుంచి హైదరాబాదుకి నీళ్ళు తీసుకెళ్ళారు. అంతకుముందు పట్నానికి గండిపేట నీళ్ళు, అదీ 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో కట్టింది. పట్నం దాహం పెరిగి మంజీర చాలక, పైన సింగూరులో దాదాపు ముప్ఫయి టీఎంసీల డ్యాము కట్టారు, 1990ల్లో ఆ నీళ్ళూ పట్నం చేరాయి.

బరాజు వెనక నీళ్ళలో మొసళ్ళున్నాయి. 1978లోనే దాన్ని అభయారణ్యం చేశారు. మావారు ఒడ్డున చదునైన చోటు చూసి "ఇక్కడ బాగుందోయ్" అని టెంటు సంచీ దింపారు. అటవీశాఖ గార్డు పరిగెత్తుకొచ్చాడు. "సార్, అవి రాత్రిళ్ళు గట్టెక్కి పండుకుంటయ్" అన్నాడు. మేం ఊళ్ళో ఒక ఇంటి పెరట్లో డేరా వేసుకున్నాం. ఆ ఇంటి పెద్దామె నాకు జొన్నరొట్టె పెడుతూ చెప్పింది. "గీ నీళ్ళు మా ముందల్నుంచే పట్నం పోతయి బిడ్డా. పైపులల్ల పోతుంటె సప్పుడు ఇనొస్తుండె. మేమేమో బిందె పట్టుకోని బోరింగు కాడ నిలవడుతుంటిమి. ఇప్పుడంటె నల్లా ఒచ్చింది." 2016 వేసవిలో సింగూరు ఎండినప్పుడు మొసళ్ళు బురదలో కొట్టుకున్నాయనీ చెప్పింది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది. ఆవిడ లెక్కలో దాహం మొసలికైనా దాహమే.

మర్నాడు ఏడుపాయల. మంజీర ఏడు పాయలై బండల మధ్య పారే చోట వనదుర్గమ్మ గుడి. దానికి పైనే 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట. వేసవి కాబట్టి పాయల్లో బండలే ఎక్కువ కనిపించాయి. వానాకాలం వరదొస్తే అమ్మవారి గుళ్ళోకే నీళ్ళొచ్చేస్తాయిట.

పోచారం చేరేసరికి సాయంత్రమైంది. ఆలేరు వాగు మీద 1916లో మొదలుపెట్టి 1922కి పూర్తిచేసిన రాతి కట్టడం. ఒకప్పుడు నిజాం వేటాడే అడవి, 1952 నుంచి అభయారణ్యం, ఇప్పుడు దుప్పులున్నాయి. అడవి హద్దుకి ఇవతల ఒక రైతు మామిడితోటలో డేరాకి చోటిచ్చాడు. స్టవ్ మీద ఉప్మా చేశాను. మాగిన మామిడి వాసన, దూరంగా తూనీగల్లా లైట్లు, మడత మంచం కిర్రుకిర్రు. చెరువులో నీళ్ళు నడుము దాకా తగ్గిపోయి, పాత రాళ్ళ మీద ఏ ఏటి నీరు ఎంత ఎత్తుకొచ్చిందో గీతలు కనిపించాయి, పిల్లల ఎత్తు గోడ మీద గీసుకున్నట్టు.

అక్కడే, చీకట్లో, నేను ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. "నక్కవాగు సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసండీ?"

మీలో తెలియనివాళ్ళుంటారు కాబట్టి చెప్తాను. మెదకు జిల్లా వెనకబడినదని 1970ల్లో రాయితీలిచ్చి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పరిశ్రమలు పెట్టించారు. 1980లో ఇందిరాగాంధీ మెదకు నుంచి ఎంపీ అయ్యాక ఇంకా పెరిగాయి. మందులు, రంగులు, రసాయనాలు. వాటి మురుగు వాగుల్లో పడి, నక్కవాగు వెంట పొలాలు పాడై, చివరికి మంజీరదాకా పోయింది. ఊరి డాక్టరు కిషన్‌రావుగారు రోగుల్ని చూసి చూసి, మందు రాస్తే సరిపోదని రైతుల్ని కూడగట్టారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. రైతులకి పరిహారం ఇవ్వాలని ఆదేశాలొచ్చాయి, 1994లో ఉమ్మడిగా మురుగు శుద్ధిచేసే ప్లాంటు వచ్చింది. కేసు మాత్రం కోర్టు నుంచి కోర్టుకి ఏళ్ళ తరబడి తిరిగింది.

2007లో స్వీడన్ నుంచి గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించారు. ఆ ప్లాంటులో శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ళలోనే, మనం జ్వరాలకీ విరేచనాలకీ వేసుకునే సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! దానివల్ల ఏమవుతుందంటారా? మన ఇంటి బొద్దింకలకి రోజూ ఒకే మందు కొద్దికొద్దిగా కొడితే కొన్నాళ్ళకి ఆ మందుకి చావని బొద్దింకలే మిగులుతాయి చూడండి, అలాగే వాగులో సూక్ష్మజీవులు ఆ మందుకి అలవాటుపడతాయి. రేపు పసిపిల్లకి జ్వరమొస్తే ఆ మాత్ర పనిచెయ్యదు. తర్వాత 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినప్పుడు పేపర్లో ఫోటో వచ్చింది, మీకూ గుర్తుండచ్చు.

మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు. "మా ఫ్యాక్టరీలో చేసిన మాత్రలు ఆఫ్రికా దాకా వెళ్ళేవి. పది రూపాయల మందు రెండు రూపాయలకి దొరికేది మాలాంటి వాళ్ళ వల్లే. ఎంతమంది పిల్లలు బతికుంటారో లెక్కేసుకో."

"బతికారు, నిజమే. మనబ్బాయి ఇంజనీరింగు ఫీజూ, నా ఆపరేషనూ దాంట్లోంచే. నేనడిగింది ఎప్పట్నుంచి తెలుసని."

"రాత్రి షిఫ్టులో వాసన మారేది" అన్నారు. "అందరికీ తెలిసేది. పొద్దున్న చాయ్ తాగి ఇంటికొచ్చేవాళ్ళం."

నేను కోప్పడలేదు. ఆ వాసన నాకూ తెలుసు. ఇస్నాపూరు వైపు గాలి తిరిగిన రాత్రి కిటికీలు మూసేది నేనే. జయసింహుడి కాలం నుంచీ ఎందరు రాజులు మారినా, ఎన్ని మతాలు కొట్లాడుకున్నా, పన్ను పీక్కున్న జాగీర్దార్లు కూడా వేసవి వచ్చేసరికి చెరువు మట్టి తీయించారు, ఎందుకంటే చెరువు పోతే వాళ్ళకి కూడు లేదు. చెరువు లేకపోయినా నెల జీతం వచ్చే మొదటి తరం మాది. నీరటి కొడుకు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ అయ్యాడు, తూము తాళం ఎక్కడుందో ఎవరికీ అక్కర్లేకపోయింది. రసాయనాల కంటే ముందు జరిగింది అది అని నాకనిపిస్తుంది. 2015లో మిషన్ కాకతీయ అని ప్రభుత్వం పూడికలు తీయించడం మొదలుపెట్టింది, దారిలో చాలా చెరువులకి ఆ తవ్వకం ఆనవాళ్ళు చూశాం. రైతులు ట్రాక్టర్లలో ఆ మట్టి తోలుకున్నారు, మంచిదే. నీరటిని మాత్రం ఎక్కడా చూడలేదు.

తెల్లారి ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగరం. 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్. తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం ఆయన పుట్టినరోజు జూలై 11న చేస్తున్నారు. దీని నీళ్ళతో చెరుకు పండి, 1930ల్లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు, 2015లో మూతపడింది. సాగరం కూడా ఒండ్రు మేటవేసి మొదట్లో పట్టినంత నీరు ఇప్పుడు పట్టడం లేదు. కట్ట మీద మూడు కిలోమీటర్ల పొడవున కారు వెళ్ళే దారుంది. ఒక పక్క పారినంత మేర బీటలువారిన నేల, నడుమ నీలంగా మిగిలిన నీళ్ళు, ఇంకో పక్క దిగువన పచ్చని చెట్లు.

మావారు కారు ఆపి తూముల గదుల్నీ, ఆ ఇనప తలుపుల్నీ ఇంజనీరులాగా చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. అక్కడ గ్రీజు పూస్తున్న లస్కరుని, "ఏడాదికెన్నిసార్లు పూస్తారయ్యా?" అనడిగారు. "వానలకు ముందు ఒకసారి తప్పనిసరి సార్, పైసలు రాకున్నా పూస్తం. మా నాయన కూడ గీ పనే" అన్నాడు అతను.

అరగంట సేపు ఆ ఇద్దరూ గ్రీజు డబ్బా పక్కన కూర్చుని మాట్లాడుకున్నారు. నేను కారు నీడలో చాప వేసి, మిగిలిన పులిహోర మూడు వాటాలు చేశాను.